పయోగతేనా, గతే జలేనా? ఇంతకీ సేతువు అంటే కట్టా, వంతెనా?

అరసున్న
చిన్నప్పుడు కంఠస్థం చేసిన ఒక శ్లోకం చివరి పాదం రెండు రోజులుగా సతాయిస్తోంది. "కిం ఖలు సేతుబంధః" అనే తోక గుర్తుంది, ముందున్న నాలుగు అక్షరాలు జారిపోయాయి. "పయోగతే" అనా, "గతే జలే" అనా? మనం రోజూ వాడే "గతజల సేతుబంధనం"కి మూలం ఇదేనని నా నమ్మకం.

నెదర్లాండ్స్‌లోని అఫ్‌స్లౌట్‌డైక్ గురించి చదువుతుంటే ఇది గుర్తొచ్చింది. సముద్రపు పాయకు అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట. 1916లో సముద్రం ఊళ్ల మీద పడింది, 1918లో చట్టం చేశారు, 1932లో పాయను మూసేశారు. అంటే నీళ్లు వచ్చి పోయాకే కట్టారు. మాట ప్రకారం ఇది గతజల సేతుబంధనమే. కానీ వృథా అని ఎలా అనగలం? దాంతో ఇంకో అనుమానం కూడా పట్టుకుంది. ఈ పాదంలో సేతువు అంటే కట్టా, వంతెనా? పాదం పూర్తిగా తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుటలు
పయోగతే. సందేహం అక్కర్లేదండీ. ఆరిన దీపానికి నూనె పోయడంతో మొదలయ్యే శ్లోకం. మూడో పాదం "వయోగతే కిం వనితావిలాసః", నాలుగోది "పయోగతే కిం ఖలు సేతుబంధః". వయో, పయో అని జోడీ కుదిరింది చూడండి. ఆ జోడీ కోసమే కవి ఆ మాట ఎంచుకున్నాడు.

బండిర
జోడీ బాగానే ఉంది పాతపుటలు గారూ, వ్యాకరణం మాటేమిటి? "నీరు పోయాక" అనాలంటే "పయసి గతే" కావాలి. "పయోగతే" అని సమాసం చేస్తే "నీటిలోకి పోయినప్పుడు" అనే అర్థం వచ్చే ప్రమాదం ఉంది. భజగోవిందంలో శంకరులు ఎంత శుభ్రంగా "వయసి గతే" అన్నారో గుర్తు చేసుకోండి. నా ఓటు "గతే జలే"కే. తెలుగులో "గతజల" అనే వరస కూడా దాన్నే చూపిస్తోంది.

పాతపుటలు
"పయసి గతే" ఈ ఛందస్సులో ఇమడదు. వరసగా నాలుగు లఘువులు వస్తాయి.

యతిప్రాస
ఇమడదు, నిజమే. కానీ ఇది ఉపేంద్రవజ్ర అనే వృత్తం. పాదం మొదట లఘువు, గురువు, లఘువు, గురువు రావాలి. పయోగతే సరిపోతుంది. గతే జలే, జలే గతే కూడా అంతే. నేను విన్న పాఠం "గతోదకే", అదీ సరిపోతుంది. నాలుగూ ఒకే తూకం. ఛందస్సు ఈ తగువు తీర్చదు.

కట్టగొమ్ము
పాఠం సంగతి మీరు చూడండి, నేను రెండో ప్రశ్నకు వస్తాను. సేతువు అంటే కట్టే. అమరకోశంలో దాని పక్కన ఉన్న మాట "ఆలి", అంటే గట్టు. రామాయణంలోనూ అంతే. స్తంభాలు నిలబెట్టి పైన దారి వేసినట్టు వాల్మీకి చెప్పలేదు. కొండరాళ్లు, చెట్లు తెచ్చి సముద్రంలో పడేస్తూ పోయారు. అది పూడిక, అంటే కట్ట.

యుద్ధకాండలో మనకు ప్రచారంలో ఉన్న పాఠంలో రోజువారీ లెక్క కూడా ఉంది. మొదటి రోజు 14 యోజనాలు, తర్వాత 20, 21, 22, 23. అయిదు రోజుల్లో మొత్తం నూరు. నా ఉద్యోగం ఇలాంటి పనుల దగ్గరే కాబట్టి ఆ లెక్క చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. మొదటి రోజుకీ రెండో రోజుకీ పెద్ద తేడా, ఆ తర్వాత రోజుకో యోజనం. కొత్త పని చేతికి అలవాటు పడే తీరు అచ్చం అలాగే ఉంటుంది.

నిజమైన సముద్రంలో మాత్రం చివరి భాగమే ప్రాణం తీస్తుంది. అరసున్న గారు చెప్పిన అఫ్‌స్లౌట్‌డైక్‌లో ఖాళీ సన్నబడేకొద్దీ పోటుపాట్ల నీరంతా ఆ ఇరుకులోంచే పోవాలి. వేగం పెరిగి అడుగున కోసేస్తుంది. ఇసుక వేస్తే నిలవదు. హిమానీనదాలు ఎప్పుడో వదిలిపోయిన, రాళ్లు కలిసిన గట్టి బంకమట్టి ఆ సముద్రం అడుగునే దొరికింది కాబట్టి పని సాగింది. దాన్ని తవ్వి తెచ్చి అక్కడే పోశారు. 1932 మే 28న చివరి ఖాళీ మూశారు. ఉప్పునీటి జౌడర్‌జే క్రమంగా మంచినీటి సరస్సయింది, పేరు ఐసెల్‌మేర్‌గా మారింది.

తలకట్టు
కట్టగొమ్ము గారూ, మీరు చెప్పిన కట్ట మీదే మోటారు రోడ్డు కూడా ఉంది కదా! ఇవతలి ఒడ్డు నుంచి అవతలికి జనం దాని మీదే వెళ్తున్నారు. మరి అది కట్టా, వంతెనా? సేతువు అనే మాటలో రెండూ మొదటినుంచీ ఉన్నాయని నేనంటాను. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయం చూడండి. "స సేతుర్విధృతిరేషాం లోకానామసంభేదాయ" అంటుంది. లోకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ఆపేది, అంటే గట్టు. వెంటనే వచ్చే మంత్రంలోనే "ఏతం సేతుం తీర్త్వా" అని దాన్ని దాటడం గురించి చెబుతుంది. ఒకే మాట, రెండు పనులు.

కట్టగొమ్ము
దాటడం అంటే గట్టు మీదుగా దాటడమే. మూలార్థం మారలేదు.

తలకట్టు
మూలార్థం "కట్టేది". ధాతువు "సి", బంధించడం. బంధించేది నీటినే కానక్కర్లేదు, రెండు ఒడ్లనూ కావచ్చు. జపాన్‌లోని అకాషి కైక్యో వంతెన సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1995 జనవరిలో కోబె భూకంపం వచ్చేనాటికి రెండు గోపురాలు లేచాయి, తీగలు లాగేశారు, కింద రోడ్డు ఇంకా వేయలేదు. భూమి కదిలి గోపురాల మధ్య దూరం దాదాపు 80 సెంటీమీటర్లు పెరిగింది. 1990 మీటర్లుగా గీసిన నడిమి భాగం 1991 అయింది. ఇంజినీర్లు లెక్క సవరించుకుని 1998లో తెరిచారు. భూమి విడిపోయినా బంధం తెగలేదు. సేతుబంధం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

బండిర
ధాతువు దగ్గరే ఆగిపోతే ఎలా? తెలుగులో వాడుక ముఖ్యం. మనకు వంతెనకు ఇంకో మాట "వారధి". వారిధి అంటే సముద్రం. ఒక్క గుడి తీసేసరికి సముద్రం వంతెన ఎలా అయిందో ఎవరైనా చెప్పగలరా? నా సిద్ధాంతం నాకుంది. "వార్ధి" అన్నా సముద్రమే. నోట్లో పలికేటప్పుడు ఆ జంటాక్షరం విడిపోయి "వారధి" అయింది. "రాముడు వారధి కట్టాడు" అంటే మొదట్లో "సముద్రాన్ని బంధించాడు" అనే అర్థం. తర్వాతివాళ్లు విని, కట్టినదాని పేరే వారధి అనుకున్నారు. వాక్యంలో కర్మ కాస్తా కట్టడమైంది.

పాతపుటలు
ఊహ అందంగా ఉందండీ. కానీ ఆ మధ్య దశకు, అంటే "వారధి కట్టు" అని రాసి సముద్రం అనే అర్థమే ఉద్దేశించినచోటికి ప్రయోగం కావాలి. అది చూపించేదాకా నేను ఒప్పుకోను.

బండిర
వెతుకుతున్నాను. ఈలోగా ఒకటి చెప్పనివ్వండి. హాంగ్‌కాంగ్, జుహాయ్, మకావ్‌లను కలిపే 55 కిలోమీటర్ల దారిని 2018లో తెరిచారు. ఓడలకు దారి వదలాలి, దగ్గర్లో విమానాశ్రయం ఉంది కాబట్టి ఎత్తైన గోపురాలు కట్టకూడదు. అందుకని నడుమ 6.7 కిలోమీటర్లు సముద్రం కిందికి దిగి సొరంగంలో పోతుంది. దిగేచోటా పైకి వచ్చేచోటా మనుషులు చేసిన దీవులు. వంతెన ఎక్కి వెళ్తూ సముద్రంలోకి దిగి మళ్లీ వంతెన మీద తేలడం! దానికి "వారధి" కంటే సరైన పేరు ఏ భాషలోనూ ఉండదని నా గట్టి నమ్మకం. ఒకే మాటలో సముద్రమూ ఉంది, వంతెనా ఉంది.

యతిప్రాస
అద్భుతంగా చెప్పారు. కానీ మళ్లీ "పయ" దగ్గరికి రండి, అసలు మాధుర్యం అక్కడుంది. పయస్సు అంటే నీరు, పాలు కూడా. "దాశరథీ కరుణాపయోనిధీ" అన్నప్పుడు రామదాసు ఏ సముద్రాన్ని చూశాడు? పాలసముద్రం అనుకుంటే అది విష్ణువు ఇల్లు. నీటి సముద్రం అనుకుంటే అది రాముడు కట్టేసిన సముద్రం. కట్టడానికి వీల్లేని సముద్రం ఆయన కరుణ ఒక్కటే అన్న ధ్వని నాకు రెండో అర్థంలోనే వినిపిస్తుంది. పద్యం పద్యానికీ ఆ మకుటం దగ్గర గొంతు పూడుకుపోతుంది.

తలకట్టు
రామదాసు పేరు ఎత్తారు కాబట్టి ఉడుతను వదలకండి. "పలుకే బంగారమాయెనా" కీర్తనలో ఇసుకలో పొరలిన ఉడుత భక్తికి కరుణించావు కదా అని అడుగుతాడు. సేతువు కట్టిన నలుడి పేరు చెప్పలేదు, కొండలు మోసిన వానరుల పేర్లూ చెప్పలేదు. ఉడుతను తలుచుకున్నాడు. ఎక్కడ పెద్ద కట్టడం చూసినా నాకు ఆ చరణమే గుర్తొస్తుంది. పనామా కాలువలో అమెరికా చేతికి వచ్చాక జరిగిన పనిలోనే 5,609 మంది చనిపోయినట్టు అధికారిక లెక్క. వాళ్లలో ఎక్కువమంది కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కూలీలు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

కట్టగొమ్ము
మంచి మాట అన్నారు. పనామా నా వాదానికి కూడా పనికొస్తుంది. అక్కడ దాటడానికి సాధనం కట్టే. చాగ్రెస్ నదికి గాటున్ దగ్గర అడ్డుకట్ట వేసి సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున సరస్సు నిలబెట్టారు. ఓడలు తలుపుల మెట్లు ఎక్కి, ఆ సరస్సు మీదుగా నడిచి, అవతల దిగుతాయి. నీరు నిలవకపోతే దారే లేదు. ముందు కట్ట, ఆ తర్వాతే దాటడం. మాటలోనూ అర్థాలు ఆ వరసలోనే వచ్చాయి.

బంధం అనే మాట గురించి కూడా ఒకటి. హూవర్ డ్యామ్‌ను ఒకే ముద్దగా పోయలేదు. కాంక్రీటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అంత ముద్ద దానంతట అది చల్లారాలంటే వందేళ్లకు పైనే పట్టేదని లెక్క కట్టారు. అందుకని దిమ్మెలు దిమ్మెలుగా పోసి, లోపల అంగుళం గొట్టాలు పెట్టి చల్లటి నీళ్లు పారించారు. ఆ గొట్టాల పొడవు మొత్తం 900 కిలోమీటర్లు దాటింది. చల్లారి దిమ్మెలు కుంచించుకున్నాక సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కించి ఒక్కటి చేశారు. నీటిని కట్టేముందు కట్ట తనను తాను కట్టుకోవాలి. "సేతుబంధం"లో బంధం పునరుక్తి అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోను.

అరసున్న
చాలా సంతోషంగా ఉంది, కానీ నా మొదటి బాధ అలాగే ఉంది. గతజల సేతుబంధనం వృథా అనడం న్యాయమేనా? 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున తుఫాను పోటుకు నెదర్లాండ్స్‌లో 1,836 మంది పోయారు. నీళ్లు పోయాకే డెల్టా పనులు మొదలుపెట్టారు. ఓస్టర్‌స్కెల్డ పాయను ముందు పూర్తిగా మూసేద్దామనుకున్నారు. మూస్తే ఆల్చిప్పలు, చేపలు, వాటి మీద బతికే మనుషులు ఏమైపోతారని జాలర్లూ ప్రకృతి ప్రేమికులూ గట్టిగా అడ్డుపడ్డారు. చివరికి 62 ఉక్కు తలుపులు పెట్టి 1986లో పూర్తి చేశారు. మామూలు రోజుల్లో తెరిచే ఉంటాయి, తుఫానుకు మూస్తారు. పోయిన నీటి కోసం కాదు, రాబోయే నీటి కోసం కట్టారు. శ్లోకం చెప్పింది చెరువు లాంటి చోటు గురించే అనిపిస్తోంది. నిలవ ఉంచుకోవాల్సిన నీరు పోయింది, ఇక గట్టు ఎందుకని. సముద్రానికి ఆ మాట వర్తించదు.

పాతపుటలు
చెరువు అయితే సేతువు కట్టే, అందులో అనుమానం లేదు. వంతెన అనుకుంటే నీళ్లు లేనిచోట వంతెన ఎందుకనే అర్థం కూడా చక్కగా వస్తుందని మరిచిపోకండి. బండిర గారి వ్యాకరణం గురించి ఆలోచిస్తూనే ఉన్నాను, ఇప్పుడు దొరికింది. "వాహితాగ్న్యాదిషు" అని పాణిని సూత్రం. ఆహితాగ్ని గణంలో, అంటే ఆ మాటతో మొదలయ్యే పదాల జాబితాలో, క్తాంతం ("గత" లాంటి, పని అయిపోయిందని చెప్పే మాట) ముందైనా రావచ్చు, వెనకైనా రావచ్చు. ఆ గణంలో "గతార్థ" కూడా ఉంది. అంటే గతార్థుడు, అర్థగతుడు రెండూ సాధువులే. అదే దారిలో "పయోగత" అంటే నీరు పోయినది. బహువ్రీహి, అంటే తనలోని మాటలు కాక ఇంకో వస్తువును చెప్పే సమాసం. దోషం లేదు.

బండిర
గణం ఆకృతిగణమే, అంటే అలాంటి ఇతర మాటలు కూడా చేర్చుకోగల జాబితాయే కాబట్టి కాదనను. అయినా బహువ్రీహి అయితే విశేష్యం కావాలి. నీరు పోయినది ఏమిటి? చెరువా, ఏరా? పాదంలో అది లేదు. "గతే జలే"లో ఆ ఇబ్బందే లేదు.

యతిప్రాస
"గతోదకే"కీ అదే ఇబ్బంది వస్తుంది మరి. నా పాఠం నేనే వదులుకోవాలేమో, ఇంకాస్త ఆలోచించనివ్వండి.

అరసున్న
ఇప్పుడే గట్టిగా చదువుకుంటుంటే ఇంకోటి తట్టింది. నాకు నేర్పినప్పుడు "కిం ఖలు" అని కాకుండా "కః ఖలు సేతుబంధః" అని చెప్పినట్టు చెవిలో మోగుతోంది. అలా విన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

పాతపుటలు
బంధః పుంలింగం కాబట్టి "కః" కుదురుతుంది, తూకమూ తప్పదు. కానీ మూడో పాదంలో "కిం వనితావిలాసః" అని ఉంది కదా. అక్కడ కూడా "కః" అని విన్నారా, నాలుగో పాదంలో మాత్రమేనా?