ప్రోబెజైట్‌లో (ప్రొబేషన్ కాలంలో) జ్వరం వచ్చింది, సిక్ లీవ్ పెట్టొచ్చా?

స్టుట్‌గార్ట్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ నుంచి జర్మనీ వచ్చి మూడో నెల నడుస్తోంది, ఇంకా ప్రోబెజైట్‌లోనే ఉన్నాను. సోమవారం నుంచి జ్వరం, గొంతు నొప్పి. ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో వేసుకుని రూంలోంచే లాగిన్ అవుతున్నాను, కెమెరా ఆపేసి మీటింగుల్లో కూర్చుంటున్నాను. సెలవు పెడితే మేనేజర్ ఏమనుకుంటాడో, ఈ వంకతో తీసేస్తారేమోనని భయంగా ఉంది. కాంట్రాక్టు మొత్తం చదివినా ఏడాదికి ఎన్ని సిక్ లీవులో ఎక్కడా లేదు. మామూలు సెలవుల్లోంచే రెండ్రోజులు వాడేసుకోనా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ ల్యాప్‌టాప్ మూసెయ్. మామూలు సెలవుల జోలికి అస్సలు పోకు.

కాంట్రాక్టులో సిక్ లీవుల లెక్క లేదన్నావు. ఇక్కడ అసలు అలాంటి లెక్కే ఉండదు. మన దగ్గర పోర్టల్ తెరిస్తే క్యాజువల్ ఇన్ని, సిక్ ఇన్ని అని కనిపిస్తాయి, ఆ అలవాటుతో ఇక్కడా వెతుకుతాం. జర్మనీలో ఒంట్లో బాగోనన్ని రోజులూ సెలవే. ఒక జబ్బుకి ఆరు వారాల దాకా కంపెనీ పూర్తి జీతం ఇచ్చి తీరాలని చట్టంలోనే ఉంది. అది దాటితే క్రాంకెన్‌కాసె, అంటే నీ హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లు, క్రాంకెన్‌గెల్డ్ అనే జబ్బు భత్యం ఇస్తారు. గ్రాస్ జీతంలో 70 శాతం, నెట్‌లో 90 శాతానికి మించకుండా. ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగు వారాలు మాత్రం కంపెనీ ఇవ్వనక్కర్లేదు. నీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ప్రోబెజైట్‌లో ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదు.

రేపు పొద్దున చేయాల్సింది చెప్తాను. ఆఫీసు టైం మొదలవకముందే మేనేజర్‌కి రెండు లైన్లు రాయి: ఒంట్లో బాగోలేదు, ఈరోజు పని చేయలేను, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను, ఎన్ని రోజులో మధ్యాహ్నానికల్లా చెప్తాను. అంతే. ఏం జబ్బో రాయొద్దు. ఆయన అడగకూడదు, నువ్వు చెప్పాల్సిన పని లేదు. మనవాళ్లు థర్మామీటర్ ఫొటో కూడా పెట్టి, సారీ నాలుగుసార్లు రాసి, అవసరమైతే ఫోన్ చేయండి అని చివర్లో కలుపుతారు. ఆ చివరి మాట రాశావంటే ఫోన్ వస్తుంది, నువ్వు ఎత్తుతావు, విశ్రాంతి పోతుంది.

డాక్టర్ సర్టిఫికెట్ గురించి. జబ్బు మూడు రోజులు దాటితే నాలుగో రోజుకల్లా ఉండాలి, శని ఆదివారాలు కూడా ఆ మూడింట్లోకే వస్తాయి. శుక్రవారం పడుకుని సోమవారానికీ తగ్గకపోతే ఆ సోమవారమే నాలుగో రోజు. కొన్ని కంపెనీలు మొదటి రోజు నుంచే కావాలంటాయి, అలా అడిగే హక్కు వాళ్లకుంది. కాంట్రాక్టులో ఆ లైన్ ఒక్కటి చూసుకో. సర్టిఫికెట్ వస్తే దాన్ని ఎవరికీ పంపే పని లేదు. 2023 జనవరి నుంచి డాక్టర్ నేరుగా క్రాంకెన్‌కాసెకి పంపుతారు, కంపెనీ అక్కడి నుంచి తెప్పించుకుంటుంది. కంపెనీకి తేదీలే తెలుస్తాయి, జబ్బు పేరు తెలీదు. ఎన్నో తారీఖు దాకా రాశారో మేనేజర్‌కి చెప్పడం మాత్రం నీ బాధ్యతే. ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లకి ఈ పద్ధతి వర్తించదు, కాగితం వాళ్లే ఇచ్చుకోవాలి.

ఇంతకీ నీకు హౌస్‌ఆర్ట్స్ట్, అంటే ఫ్యామిలీ డాక్టర్, ఉన్నారా? లేకపోతే ఇంటి దగ్గర్లో కొత్త పేషెంట్లని తీసుకునే క్లినిక్ చూసుకో. అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చేవాళ్లకి చాలాచోట్ల పొద్దున ఒక టైం ఉంచుతారు. ఎనిమిదింటికి తలుపు తీసేసరికే మెట్ల మీద నలుగురు నిలబడి ఉంటారు, కాబట్టి పది నిమిషాలు ముందే వెళ్లు. కౌంటర్‌లో ఆవిడ మొదట అడిగేది ఇన్సూరెన్స్ కార్డు. వెయిటింగ్ రూంలోకి వెళ్తూ ‘గూటెన్ మోర్గెన్’ (గుడ్ మార్నింగ్) అని పలకరిస్తే తెలియనివాళ్లు కూడా తిరిగి అంటారు, అది ఇక్కడి మర్యాద. డాక్టర్ గొంతులో లైటు వేసి చూస్తారు, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి ఊపిరి పీల్చమంటారు, ఎన్నాళ్ల నుంచి అంటారు, కంప్యూటర్‌లో తేదీ కొడతారు. ఐదు నిమిషాల్లో బయటికొస్తావు. మందులేమీ రాయకపోవచ్చు. వేడిగా టీ తాగి పడుకోమంటారు. మనవాళ్లకి చాలామందికి ఇది మింగుడు పడదు, పట్టించుకోలేదని నొచ్చుకుంటారు. వైరస్ వల్ల వచ్చిన జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు, అందుకే రాయరు. పారాసెటమాల్ కావాలంటే అపొతేకెలో (మందుల షాపులో) చీటీ లేకుండానే ఇస్తారు.

ఇక నీ అసలు భయం. ప్రోబెజైట్‌లో రెండు వారాల నోటీసుతో, కారణం చెప్పకుండా తీసేయొచ్చన్నది నిజం. సిక్ లీవ్‌లో ఉన్నవాళ్లని తీసేయకూడదని రూలు ఉందని చాలామంది నమ్ముతారు, అలాంటిది లేదు. అయినా నాలుగు రోజుల జ్వరానికి మనిషిని వదులుకునే టీం నేనింతవరకు చూడలేదు. జ్వరంతో మీటింగులో కూర్చుని సగం విని సగం వినక ఒప్పుకున్న పని చెడిపోతే, అది మాత్రం గుర్తుంటుంది. ఈ దేశంలో దగ్గుతూ ఆఫీసుకొచ్చిన మనిషిని మెచ్చుకోరు, ఇంటికి పొమ్మంటారు.

బెర్లిన్ నుంచి:

అక్క చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. ఒకసారి హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గర పేరు నమోదై, వాళ్లకి నువ్వు తెలిసుంటే, చిన్నపాటి జబ్బులకి ఫోన్ మీదే ఐదు రోజుల దాకా సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. 2023 డిసెంబర్ నుంచి ఈ వీలుంది. అందుకే ఒళ్లు బాగున్నప్పుడే ఒకసారి వెళ్లి పరిచయం చేసుకుని రండి. రాత్రిపూట, ఆదివారం బాగా ఇబ్బందైతే డ్యూటీ డాక్టర్ల నంబరు 116117కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికొస్తే 112.

ఇక్కడ చదువుకునే పిల్లలు కూడా ఈ లిస్టులో ఉన్నారు కాబట్టి చెప్తున్నా. గోడౌన్లలో, రెస్టారెంట్లలో మినీజాబ్ (తక్కువ జీతపు చిన్న పార్ట్‌టైం ఉద్యోగం) చేసేవాళ్లకీ, వెర్క్‌స్టూడెంట్లకీ (చదువుకుంటూ కంపెనీల్లో పార్ట్‌టైం చేసేవాళ్లకీ) ఈ ఆరు వారాల జీతం వర్తిస్తుంది, జీతంతో కూడిన సెలవులూ ఉంటాయి. ‘పని చేసిన గంటలకే డబ్బులు’ అని చెప్పే యజమానులున్నారు. షిఫ్ట్ వేసి ఉండగా జబ్బు చేస్తే ఆ షిఫ్ట్ డబ్బులు ఇవ్వాల్సిందే. పిల్లలు అద్దె కట్టుకోవాలని నడుం నొప్పితో పెట్టెలు మోస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దయచేసి అడగండి. ఎలా అడగాలో తెలియకపోతే నాకు రాయండి, జర్మన్‌లో మెయిల్ నేను రాసిపెడతాను.

మ్యూనిక్ నుంచి:

జ్వరం గురించి అందరూ చెప్పారు. జ్వరం రాకముందు సంగతి నేను చెప్తాను, నాకు ఎక్కువ బెంగ దాని మీదే.

మనలో చాలామందికి హైదరాబాద్ టీములతో పని. అక్కడ పొద్దున తొమ్మిదంటే చలికాలంలో ఇక్కడ నాలుగున్నర. ఆ కాల్ అయ్యాక ఇక్కడి ఆఫీసు, సాయంత్రం అమెరికా వాళ్ల కాల్. ఇలా ఆరు నెలలు చేశాక ఏ జబ్బూ లేకుండానే మనిషి వాడిపోతాడు. ఇక్కడి పని గంటల చట్టం ప్రకారం ఒకరోజు పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టడానికి మధ్య 11 గంటలు విశ్రాంతి ఉండాలి. రాత్రి 11 దాకా రిలీజ్ చేశావంటే మర్నాడు పదింటికి ముందు నిన్ను లాగిన్ అవమనకూడదు. ఈ మాట మెల్లగా, మర్యాదగా టీంలో చెప్పు. జర్మన్ మేనేజర్లకి ఈ రూలు బాగా తెలుసు, నువ్వు చెప్పడం లేదు కాబట్టే వాళ్లు కదలడం లేదు.

ఇంకోటి, సెలవులన్నీ కూడబెట్టి ఒకేసారి ఇండియా వెళ్లడం. వారానికి ఐదు రోజుల పని అయితే చట్టం ప్రకారం కనీసం 20 రోజులు, చాలా కంపెనీలు 30 దాకా ఇస్తాయి. అవన్నీ డిసెంబరుకి దాచుకుని వెళ్తాం. అక్కడ రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, తిరుపతి, అత్తగారి ఊరు, పాస్‌పోర్టు పని. అమ్మానాన్నల్ని చూసుకోవడం కోసం వెళ్లాల్సిందే, కాదనను. కానీ అది విశ్రాంతి కాదు. ఏటా ఓ ఐదారు రోజులు ఏ ప్రయాణమూ పెట్టుకోకుండా ఇక్కడే ఉండిపోవడానికి విడిగా తీసిపెట్టుకో. నిద్రపో, నచ్చింది వండుకో, అడవిలో నడువు. ప్రోబెజైట్‌లో కూడా పనిచేసిన నెలకి పన్నెండో వంతు చొప్పున సెలవు నీ ఖాతాలో పడుతూనే ఉంటుంది.

సెలవులో ఉండగా జబ్బు చేస్తే, సర్టిఫికెట్ ఉంటే ఆ రోజులు సెలవులోంచి కోయరు, తిరిగి నీకే వస్తాయి. ఇండియాలో జబ్బు చేసినా అంతే. వెంటనే కంపెనీకి కబురు చేయాలి, ఎన్నాళ్లు పట్టొచ్చో, అక్కడ నువ్వున్న అడ్రస్ ఏమిటో చెప్పాలి, క్రాంకెన్‌కాసెకీ తెలియజేయాలి. అక్కడి డాక్టర్‌తో ‘వైరల్ ఫీవర్’ అని ఒక్క ముక్క రాయించుకుంటే చాలదు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పని చేయలేని స్థితిలో ఉన్నారని స్పష్టంగా ఉండాలి. అలా తిరిగొచ్చిన రోజుల్ని నీ అంతట నువ్వే సెలవు చివర్లో కలిపేసుకోకూడదు, కంపెనీని అడిగి తర్వాత వాడుకోవాలి.

నిద్ర పట్టకపోవడం, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ, ఊరికే ఏడుపు రావడం, ఇలాంటివి వారాల తరబడి ఉంటే వాటికీ అదే హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గరికి వెళ్లాలి. ఆ మాట అక్కడ చెప్పుకోవడానికి సిగ్గుపడొద్దు. దానికీ సర్టిఫికెట్ ఇస్తారు, కంపెనీకి అప్పుడు కూడా తేదీలే కనిపిస్తాయి.

స్టుట్‌గార్ట్ నుంచి, కొత్త సభ్యుడు:

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. పొద్దున వెళ్లాను, శుక్రవారం దాకా రాశారు. మేనేజర్ ‘గూటె బెసెరుంగ్’ (త్వరగా కోలుకో) అని ఒక్క లైన్ రాసి, నా మీటింగులు వేరేవాళ్లకి అప్పజెప్పాడు. రెండు సందేహాలు. సరుకులకి బయటికి వెళ్తే ఎవరైనా చూస్తే తప్పా? గురువారానికే తగ్గిపోతే మళ్లీ డాక్టర్‌ని అడగకుండా పని మొదలుపెట్టొచ్చా?

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

సరుకులకి, మందులకి వెళ్లొచ్చు, కాసేపు నడవొచ్చు. కోలుకోవడానికి అడ్డొచ్చే పని చేయకూడదు, అదే కొలత. నిజంగా తగ్గిపోతే ముందుగానే పనిలోకి రావడానికి చట్టం అడ్డు చెప్పదు, ఇన్సూరెన్స్ కూడా ఎక్కడికీ పోదు. కానీ గురువారం నాటికి నువ్వు తగ్గింది అనుకునేది డోలో వల్ల తగ్గిన జ్వరం కావచ్చు. మందు లేకుండా ఒకరోజు గడిచిందో లేదో చూసుకుని అప్పుడు ఆలోచించు. స్టుట్‌గార్ట్‌లో మనవాళ్లు ముగ్గురు నలుగురున్నారు, మీ పేట పేరు నాకు విడిగా రాస్తే ఈ రాత్రికి ఎవరో ఒకరు చారన్నం తెచ్చి ఇస్తారు.