పని లేనప్పుడు కూడా ఎవరో తరుముతున్నట్టే ఉంటోంది. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

రుషికొండ_సపోర్ట్
అందరికీ నమస్కారం. విశాఖ రుషికొండలో ఓ ఐటీ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో చేస్తున్నాను. పని ఒత్తిడి అందరికీ ఉన్నదే, దాని గురించి కాదు నా గోల. పని లేనప్పుడు కూడా ఒంట్లో హడావిడి తగ్గడం లేదు. ఆదివారం ఎంవీపీ రైతు బజార్లో వంకాయలు ఏరుకుంటున్నా అదే కంగారు. ముందున్న పెద్దాయన చిల్లర లెక్కపెట్టుకుంటుంటే పళ్లు కొరుక్కుంటాను. మాటవరసకు కాదు, పంటి నొప్పని వెళ్తే డెంటిస్టు కూడా "నిద్రలో పళ్లు కొరుకుతున్నారు, దవడ పళ్లు అరిగిపోయాయి" అన్నారు. మొన్న ఆఫీసు చెకప్‌లో బీపీ 150/96. ఈసీజీ బాగానే ఉంది. నా ఒక్కడికేనా ఇలా?

గాజువాక_అక్క
ఒక్కడివే కాదు తమ్ముడూ. నేను బ్యాంకులో చేస్తాను. ఒకప్పుడు మార్చి హడావిడి మార్చితో పోయేది. ఇప్పుడు పన్నెండు నెలలూ మార్చే. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో టార్గెట్ల పట్టిక, అడుగున ఎవరి పేరుందో అందరికీ కనబడేలా. నాకు దెబ్బ పడింది కడుపు మీద. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, నెలసరి కూడా లెక్క తప్పింది. స్కానింగ్, థైరాయిడ్ అన్నీ నార్మలే. ఇంట్లో మా పాప స్కూల్ కబుర్లు నాకు చెప్పడం మానేసింది. "నువ్వు త్వరగా చెప్పమంటావు" అని వాళ్ల నాన్నకే చెబుతోంది.

స్టాఫ్‌నర్స్_వాల్తేరు
మీ ఇద్దరివీ వేరువేరుగా కనబడుతున్నాయి గానీ, మూలం ఒకటే అయ్యుండొచ్చు. కుక్క వెంటబడినా, మేనేజర్ మెసేజ్ వచ్చినా శరీరం ఒకేలా స్పందిస్తుంది. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్, ఆ తర్వాత కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల మందగిస్తుంది. కుక్క వెళ్లిపోతే అన్నీ సర్దుకుంటాయి. మెసేజ్‌లు ఆగవు కాబట్టి సర్దుకునే వ్యవధే ఉండదు. కార్టిసాల్ మామూలుగా తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గాలి. ఆ లయ తప్పితే ఒళ్లు అలిసినా కన్ను మూతపడదు. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్లో ఏం చూశాడో తెలుసా? ఒత్తిడికి గురైన వాటిలో అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి పనికొచ్చే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుళ్లు పడ్డాయి.

అలాగని ప్రతిదాన్నీ టెన్షన్ ఖాతాలో వేసేయకండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ వస్తుంది. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు ఉంటే గ్యాసని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. రుషికొండ గారూ, బీపీ ఒక్కసారి చూసి వదిలేయొద్దు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

కొండగాలి
వారానికోసారి కైలాసగిరి ఎక్కండి బాస్, అంతా పోతుంది.

రెండు_చక్రాలు
ఎక్కుతూనే ఉన్నాను అన్నా, పార్సిల్ పట్టుకుని.

డెలివరీ పని నాది. మీకు మెసేజ్ వస్తే టెన్షన్, నాకు ఫోన్లో గడియారమే తిరుగుతూ ఉంటుంది. మద్దిలపాలెం జంక్షన్లో ఇరుక్కున్నానని యాప్‌కి ఎవరు చెప్తారు? ఎండాకాలంలో కూడా నీళ్లు తక్కువ తాగుతాం. తాగితే మధ్యలో యూరిన్‌కి ఆగాలి, ఆగితే ఆర్డర్ లేటు. పోయిన ఏడాది మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి పడుకుంటే ఆ రోజుల డబ్బులు కూడా పోయాయి. ధ్యానం చెయ్యి, మనసు మార్చుకో అంటారు కొందరు. ఆర్డర్‌కి ఇచ్చే రేటు మారితే నా మనసు దానంతటదే మారుతుంది.

సీషిఫ్ట్_రిటైర్డ్
బాబూ, నువ్వన్నది కరెక్టు. నేను స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేశాను. మా ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. టాపింగ్, అంటే ఫర్నేసుకి రంధ్రం తెరవడం, మొదలై కరిగిన ఇనుము కాలువలో పారుతుంటే ఎవడూ చూపు తిప్పడు. అది నిజమైన తొందర. ఆ రంధ్రం (ట్యాప్ హోల్) మూసేశాక కూర్చుని టీ తాగేవాళ్లం. మా అబ్బాయి వర్క్ ఫ్రమ్ హోమ్ చూస్తున్నాను కదా, వాడి ఫర్నేసుకి ఆ మూతే లేదు. ఇక సీ షిఫ్టులు, అంటే రాత్రి డ్యూటీలంటారా, రిటైరైనా నన్ను వదల్లేదు. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది.

చదువరి
1950ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో గుండె డాక్టర్లు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ ఎప్పుడూ తొందరపడే, పోటీపడే, చిరాకుపడే మనుషులకు 'టైప్ ఏ' అని పేరు పెట్టారు. గుండెకు తొందర కంటే లోపల రగిలే కోపమే ఎక్కువ చేటని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కాబట్టి రుషికొండ గారూ, ఆ పెద్దాయన్ని ముందు క్షమించేయండి.

అయితే ఇదంతా మనిషి స్వభావం మీదికి నెట్టేస్తే కంపెనీలకు హాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) 2021లో ఇచ్చిన అంచనా చూడండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు 35-40 గంటలవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. రెండు చక్రాల తమ్ముడు రేటు తక్కువని అన్ని గంటలు తిరుగుతుంటే దానికి ధ్యానం ఏం చేస్తుంది?

రుషికొండ_సపోర్ట్
అందరికీ థ్యాంక్స్. మా టీమ్‌లో ఈ నెల నుంచి ఒక మార్పు వచ్చింది. రాత్రి పది తర్వాత కాల్స్ వంతులవారీగా ఒక్కరికే, మిగతావాళ్ల ఫోన్లు మోగవు. లీడ్ ఎందుకు ఒప్పుకున్నాడంటే, 'అర్జెంట్' అని మేం అర్ధరాత్రి పంపిన ఫైళ్లను క్లయింట్ చాలాసార్లు మర్నాటి దాకా తెరవనే లేదు. ఆ టైములన్నీ తీసి చూపించాం. నిద్ర కొంచెం నయం. బీపీ మాత్రం ఇంకా అక్కడే ఉంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

గాజువాక_అక్క
మా మేనేజర్‌కి ఇలాంటివి చూపిస్తే నా పేరు ఇంకా అడుగుకి పోతుంది. అయినా ఆ పట్టిక గ్రూపులో కాకుండా ఎవరిది వాళ్లకే పంపమని యూనియన్‌లో అడిగిస్తాను.

స్టాఫ్‌నర్స్_వాల్తేరు
నిద్ర లేకపోయినా, గాబరా మరీ ఎక్కువైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెబితేనే జనం జంకుతారు గానీ, అక్కడి ఓపీకి ఇలాంటివాటికి కూడా వెళ్లొచ్చు.

రెండు_చక్రాలు
నా డ్యూటీ దిగేసరికి పన్నెండు దాటుతుంది అక్కా. అప్పుడు కూడా ఎత్తుతారా?

స్టాఫ్‌నర్స్_వాల్తేరు
ఎత్తుతారు, 24 గంటలూ ఉంటారు. ఆ మూత్రంలో మంట మళ్లీ వస్తే మాత్రం దానికి ఫోన్ చాలదు, టెస్ట్ చేయించుకో.