3వ తరగతి బాబు అడిగితే అన్నీ చెప్తాడు, పుస్తకం తెరిస్తే ఆగిపోతాడు. ఏం చేయాలి?

కరీంనగర్ అమ్మ:
నమస్తే అండి. మా బాబుకి 8 ఏళ్ళు నిండాయి, ఇంగ్లీష్ మీడియం. సైన్స్ పాఠం నేను చదివి వినిపిస్తే ఒక్కసారికే పట్టేస్తాడు, మొక్కకి ఆహారం ఎలా తయారవుతుందో వాళ్ళ తాతయ్యకి కూర్చోబెట్టి చెప్తాడు. అదే పాఠం వాడినే చదవమంటే మొదటి లైన్ దగ్గరే చెమటలు. తెలుగులో మ, య తేడా ఇంకా రావట్లేదు, ఒత్తులు వదిలేస్తాడు, ఇంగ్లీష్‌లో బి రాయమంటే డి రాస్తాడు. స్కూల్లో మేడం "బద్ధకం, ఇంట్లో కూర్చోబెట్టండి" అన్నారు. ట్యూషన్ పెట్టించాం, తప్పు రాసిన ప్రతి మాటా 20 సార్లు రాయిస్తున్నారు. నిన్న రాత్రి "అమ్మా, నాకు బుర్ర లేదా?" అని అడిగాడు. నాకు నిద్ర పట్టలేదు. తెలుగు మీడియంకి మార్చాలా? ఇదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచాలా? తెలివి ఉన్నా చదవడం, రాయడం మాత్రం కష్టమయ్యే సమస్య, డిస్లెక్సియా అంటారే, ఇదేనా?

విజయవాడ నుంచి ఒక అమ్మ:
చెల్లీ, ముందు ఆ 20 సార్లు రాయించడం ఈరోజే ఆపించు. మా పాపకి నేనే రెండేళ్ళు అలా రాయించాను. 20 సార్లూ రాసేది, పొద్దున అడిగితే మళ్ళీ అదే తప్పు, నేను అరిచేదాన్ని. తర్వాత తర్వాత స్కూల్ టైం అయ్యేసరికి కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. నిజంగానే నొప్పి వచ్చేది దానికి, నాటకం కాదు, అది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

కళ్ళు, చెవులు ముందు చూపించు, ఒక్కోసారి సమస్య అక్కడే ఉంటుంది. అవి బాగుంటే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి. మా పాపకి 9వ ఏట డిస్లెక్సియా అని తేలింది. ఇప్పుడు సీబీఎస్ఈ 10వ తరగతి. 3 గంటల పేపర్‌కి ఇంకో గంట ఇస్తారు, కావాలంటే స్క్రైబ్‌ని, అంటే పిల్లలు చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని కూడా పెట్టుకోవచ్చు. కానీ పరీక్షలు దగ్గర పడ్డాక పరిగెత్తితే పని అవ్వదు, కాగితాలన్నీ స్కూల్ ద్వారా ముందే వెళ్ళాలి.

ప్రభుత్వ టీచర్, నల్గొండ జిల్లా:
నేను కూడా ఎంతమంది పిల్లల్ని బద్ధకస్తులు అన్నానో. ట్రైనింగ్‌లో డిస్లెక్సియా గురించి విన్నాక వాళ్ళ ముఖాలు గుర్తొచ్చి బాధేసింది. ఇప్పుడు అలాంటి పిల్లల్ని ముందు బెంచీలో కూర్చోబెడతాను, అందరి ముందూ ఉన్నట్టుండి లేపి చదవమనను, ఏ పేరా అడుగుతానో ముందు రోజే చెప్తాను. సోషల్ పేపర్‌లో జవాబు తెలిసి రాశాడా లేదా అనేదే చూస్తాను, స్పెల్లింగ్‌కి మార్కు కొయ్యను. బోర్డు మీది నోట్సు మొత్తం ఎక్కించుకోవాల్సిన పని లేదు, పక్క పిల్లాడి నోట్సు జిరాక్స్ తీసిస్తాను. మీరు మేడంతో గొడవగా కాకుండా ఇలాంటివి రెండు మూడు కాగితం మీద రాసి అడిగి చూడండి. మాలాంటి వాళ్ళకి "శ్రద్ధ పెట్టండి" అంటే ఏం చేయాలో తెలియదు, ఫలానాది చేయండి అంటే చేస్తాం. సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సాయం చేసే భవిత కేంద్రం మండలంలో ఎక్కడుందో బడిలో అడగండి.

హైదరాబాద్ నుంచి ఒక నాన్న:
సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్ళకండి. వైకల్యం అని కాగితం మీద పడితే అది జీవితాంతం వెంటాడుతుంది. మా అన్నయ్య కొడుకు కూడా లేటుగానే చదివాడు, 6వ తరగతికి దానంతటదే సర్దుకుంది.

స్పెషల్ ఎడ్యుకేటర్, సికింద్రాబాద్:
సార్, మీ భయం అర్థమవుతుంది. కానీ సర్దుకుంటుందని చూస్తూ కూర్చుని 7, 8 తరగతుల్లో వచ్చే పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను, అప్పటికి చదువంటేనే అసహ్యం పుట్టి ఉంటుంది. పరీక్ష చేయించడం వేరు, సర్టిఫికెట్ తీసుకోవడం వేరు. మొదటిది వెంటనే కావాలి, రెండోది మీ ఇష్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇది కూడా ఉంది కాబట్టే పరీక్షల్లో సదుపాయం అడగగలుగుతున్నాం.

అమ్మా, మీరు చెప్పినవి డిస్లెక్సియా లక్షణాల్లా ఉన్నాయి, కానీ పరీక్ష చేయకుండా ఎవరూ తేల్చకూడదు. ముందు ఐక్యూ చూస్తారు, తర్వాత చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ అడగండి.

మీడియం మార్చినంత మాత్రాన ఇది పోదు. తెలుగులో అక్షరానికి ఒకటే శబ్దం కాబట్టి మెల్లగానైనా కూడబలుక్కుంటారు, కానీ గుణింతాలు, ఒత్తుల దగ్గర చిక్కుకుంటారు. ఇంగ్లీష్‌లో స్పెల్లింగ్ దెబ్బ కొడుతుంది. అదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచినా లాభం లేదు, రాని పద్ధతిలోనే మళ్ళీ చెప్తారు అంతే.

ఇంట్లో రోజుకి 15 నిమిషాలు చాలు. పళ్ళెంలో బొంబాయి రవ్వ పరిచి, వేలితో మ రాస్తూ పైకి "మ" అనమనండి. వారమంతా అదొక్కటే. అది గట్టిపడ్డాకే య. రెండూ ఒకే రోజు పెడితే మళ్ళీ కలిసిపోతాయి. పెద్ద మాటల్ని చప్పట్లతో విడగొట్టించండి, "క-రీం-న-గర్" అని. పాఠాలు మాత్రం మీరే చదివి వినిపించండి, తెలివికి తిండి ఆగకూడదు కదా. జవాబులు ఫోన్‌లో రికార్డు చేయనివ్వండి.

కరీంనగర్ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండి, చదువుతుంటే ఏడుపొచ్చింది. ట్యూషన్ ఆపేశాం. మేడంకి కాగితం రాశాను, పైకి చదివించడం గురించి, స్పెల్లింగ్ మార్కుల గురించి. రెండోది ప్రిన్సిపల్‌ని అడగాలన్నారు, మొదటిదానికి సరే అన్నారు. సాయంత్రం రవ్వలో మ రాశాం. వాడు అడిగినదానికి కూడా జవాబు చెప్పాను, "నీ బుర్ర బాగానే ఉంది నాన్నా, నేర్పే పద్ధతే నీకు సరిపోలేదు" అని. కాసేపాగి, "మరి మేడంకి చెప్పావా?" అన్నాడు.