మనుషులకంటే జంతువులే దగ్గరనిపించడం తప్పా?

పెదవాల్తేరు పిల్ల:
మా ఇంట్లో గొడవతో మొదలైంది గానీ, అడగాలనుకున్నది మిమ్మల్నందరినీ. నాకు మనుషులకంటే జంతువులతోనే చనువు ఎక్కువ. నలుగురు చేరిన చోట గంట కూర్చుంటే తల పగిలిపోతుంది. అదే మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పిల్లుల మధ్య పూటంతా కూర్చోమన్నా కూర్చుంటాను.

మొన్న మా మేనత్త కొడుకు పెళ్లిలో తలంబ్రాలు కాకుండానే లేచి వచ్చేశాను. వీధిలోంచి తెచ్చుకున్న కుక్కకూనకి పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు వచ్చింది. సెలైన్ పెట్టాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి అన్నారు డాక్టరు. అదేమో ముందరి కాలికి చుట్టిన ప్లాస్టరు చివర వెతుక్కుని పళ్లతో లాగేస్తోంది, సూదితో సహా. మూతి కింద చెయ్యి పెట్టి ఆపితే కాసేపు నాకి, మళ్లీ లాగడమే. పట్టుచీరతోనే తెల్లారింది నాకు. మా అత్త ఫోన్ చేసి, "మనిషి పుట్టుక పుట్టి కుక్క కోసం పెళ్లిలోంచి లేచిపోతావా?" అంది. అప్పట్నుంచి చుట్టాలందరికీ నేను కుక్కలమ్మని.

నేననేది ఇంతే. జంతువు లెక్కలడగదు. జీతమెంత, పెళ్లెప్పుడు, ఒళ్లు చేశావేంటి, ఏదీ అడగదు. ఎవరి జోలికీ వెళ్లకుండా నా మానాన నేనుంటే దాన్ని రోగమనీ, మనుషులంటే కిట్టకపోవడమనీ ఎందుకంటారు? ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ ఇద్దరూ రాయండి. తిట్లు మాత్రం వద్దు.

గాజువాక గవర్రాజు:
తిట్టను గానీ ఒక మాట. లెక్కలడగదు అన్నారు. అడగదు కాబట్టే మీకు సుఖంగా ఉంది. మా ఆవిడ అడుగుద్ది, మా అమ్మ అడుగుద్ది, పదేళ్లు నిండని మా గుంటడు కూడా అడుగుతాడు. అందరికీ సమాధానం సెప్పుకోవాలి, అందుకే మనిషితో బతకడం కష్టం. కుక్కకి బిస్కట్ ఏస్తే తోకాడిస్తది, మనిషికి పప్పన్నం పెడితే ఉప్పు తక్కువైందంటాడు. అంతమాత్రాన కుక్క గొప్పదైపోద్దేటి? ఎదురు సెప్పనోళ్లంటే మనకి ఇష్టం, అంతే. దానికి ప్రేమని పేరెట్టకండి.

లాసన్స్‌బే లలిత:
గవర్రాజు గారూ, కుక్క ఎదురు చెప్పదని మీకెవరు చెప్పారు? మా ఇంటికొకసారి రండి, స్నానానికి పిలిచి చూడండి.

సరే, అసలు విషయం. ప్రేమో కాదో కొలిచి చూసినవాళ్లున్నారు. 2015లో జపాన్ పరిశోధకులు కుక్కల్నీ వాటిని పెంచినవాళ్లనీ ఒక గదిలో ఉంచి, ముందూ తర్వాతా ఇద్దరి మూత్రమూ పరీక్షించారు. ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో ఇద్దరికీ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లికీ చంటిబిడ్డకీ మధ్య బంధాన్ని గట్టిపరిచే హార్మోనే అది. మనుషులు చేతుల్లో పెంచిన తోడేళ్లతో ఇదే చేస్తే అలా జరగలేదు. అంటే కుక్క వేల ఏళ్లుగా మన గడపలో పడుకుని నేర్చుకున్న విద్య ఇది.

ఇంకొకటుంది, 2017లో అచ్చయింది. అమెరికాలో 256 మంది విద్యార్థుల చేత ఒక కల్పిత వార్త చదివించారు. ఎవరో బేస్‌బాల్ బ్యాట్‌తో చావబాదారని వార్త. దెబ్బలు తిన్నది కొందరికిచ్చిన కాగితంలో ఏడాది బిడ్డ, కొందరికి ముప్పై ఏళ్ల మనిషి, కొందరికి కుక్కపిల్ల, మిగతావాళ్లకి ఆరేళ్ల కుక్క. అందరికంటే తక్కువ జాలి దొరికింది ముప్పై ఏళ్ల మనిషికే. బిడ్డకీ కూనకీ పెద్ద తేడా లేదు. కాబట్టి పెదవాల్తేరు అమ్మాయికి ఉన్నది రోగమైతే, ఆ 256 మందికీ ఉన్నట్టే.

గాజువాక గవర్రాజు:
ముప్పై దాటినోడు తన్నులు తిన్నా ఎవడికీ పట్టదని తెలుసుకోడానికి అమెరికా దాకా ఎల్లాలా?

కానీ లలిత గారూ, మీరు సెప్పినది నాకే పనికొస్తది. తల్లీబిడ్డల హార్మోనే అన్నారు. అంటే కుక్క దగ్గర దొరికేది కొత్త సరుకేం కాదు, మనుషుల దగ్గర దొరికేదే. దీంట్లో 'కంటే' ఎక్కడినుంచొచ్చింది?

పెదవాల్తేరు పిల్ల:
నా అనుభవంలోంచి వచ్చింది. హార్మోను అదే అయితే అయింది గానీ, నాకు అది ఇంట్లో కంటే వీధిలో ఎక్కువ దొరికింది. ఏం చెయ్యమంటారు?

మా అత్తకి ధర్మరాజు సంగతే చెప్పాను. మహాప్రస్థానంలో ద్రౌపది పడిపోయింది, నలుగురు తమ్ముళ్లూ పడిపోయారు, వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. కుక్కని వదిలేసి రథమెక్కమంటే మాత్రం ఇంద్రుడితోనే కుదరదన్నాడు. మనవాళ్లు వేల ఏళ్లుగా ఆ కథ చెప్పుకుంటూ దణ్ణాలు పెడుతున్నారు. నేను చేస్తే తప్పొచ్చిందా?

సీతమ్మధార మాస్టారు:
అమ్మాయీ, కథ అక్కడితో ఆపేస్తే మీ అత్తగారి ముందు ఓడిపోతావు. తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో చివరిదైన స్వర్గారోహణ పర్వం కూడా చదువు. స్వర్గానికి వెళ్లిన ధర్మరాజుకి అక్కడ దుర్యోధనుడు కనిపిస్తాడు, తమ్ముళ్లు కనిపించరు. వాళ్ల దగ్గరికి తీసుకెళ్లమంటే దూత నరకంలోకి తీసుకెళ్తాడు. దుర్గంధం భరించలేక వెనక్కి తిరగబోతే తమ్ముళ్ల గొంతులు, ద్రౌపది గొంతు, కాసేపు ఉండమని వేడుకుంటూ వినిపిస్తాయి. నేనిక ఇక్కడే ఉంటాను, పోయి చెప్పమంటాడు దూతతో. కుక్క కోసం స్వర్గం వద్దన్నవాడే మనుషుల కోసమూ వద్దన్నాడు. గవర్రాజు వెతుకుతున్న 'కంటే' అక్కడా లేదు.

ఇంకో సంగతి. కుక్కని ఎందుకు వదలవయ్యా అని ఇంద్రుడు అడిగితే, అదంటే నాకు ప్రాణం అనలేదు ధర్మరాజు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలేయడం మహాపాపం అన్నాడు. నువ్వు పెళ్లిలోంచి లేచిపోవడానికి కూడా అసలు కారణం అదేనని నాకు అనిపిస్తోంది. ఆ రాత్రి దానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. పెళ్లికొడుక్కి మూడొందలమంది ఉన్నారు. మీ అత్తగారితో ఆ మాట అను, అర్థం చేసుకుంటారు. మనుషులకంటే జంతువులే నయం అంటే మాత్రం, ఎదురుగా ఉన్న మనిషికి అది తిట్టులాగే వినిపిస్తుంది. నాకైనా అంతే.

పెదవాల్తేరు పిల్ల:
మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. జంతువుల్లో నాకు కనిపించేది బాధ్యత ఒక్కటే కాదు. హాయి కూడా ఉంది. హాయిగా ఉందని చెప్పుకోడానికి ధర్మం అడ్డుపెట్టుకోవడం నాకిష్టం లేదు.

గోపాలపట్నం:
రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. మా చిన్నాన్నది ఆర్.ఆర్. వెంకటాపురం. మూడు గేదెలు, ఒక పెయ్య. ఇరవై ఇళ్లకి వాడికగా పాలు పోసేవాడు. 2020 మే 7 తెల్లవారుజామున పక్కనున్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలోంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైంది. కళ్లు మంటలెక్కి లేచి, ముందు పశువులసాలకే పరిగెత్తాడు. పలుపు ముడి మామూలుగా ఒక్క లాగుకి ఊడిపోతుంది. ఆ రోజు గేదె బెదిరి వెనక్కి గుంజుతోంది, గుంజేకొద్దీ ముడి బిగిసిపోయింది. రెండింటిని విప్పగలిగాడు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి ఊపిరాడలేదు. ఇంట్లో మా నాన్నమ్మ మంచంలో ఉంది, లేవలేదు. ముడి మీద నుంచి చెయ్యి తీసేసి నాన్నమ్మని భుజాన వేసుకుని మేఘాద్రిగెడ్డ వైపు పరిగెత్తాడు.

నాన్నమ్మ బతికింది. పలుపుకి ఉన్నదీ పోయింది, విప్పినవాటిలో ఒకటీ పోయింది, పెయ్యా పోయింది. ఆ రోజు ఆ ఊళ్లో మనుషులూ పోయారు, పశువులూ పోయాయి. ఆ తర్వాత చిన్నాన్న మళ్లీ పాడి పెట్టలేదు, ఆటో కొనుక్కున్నాడు.

ఎవరైనా ఓదార్చబోయి "పోనీలే, మనిషి ప్రాణం దక్కింది కదా" అంటే అక్కడ్నుంచి లేచి వెళ్లిపోతాడు. మీలాంటివాళ్లు "జంతువులే నయం" అన్నా లేచి వెళ్లిపోతాడు. పశువుల మధ్యే పుట్టి పెరిగినవాడు ఈ తూకం వెయ్యగా నేనెప్పుడూ వినలేదు. అంతకుమించి నాకు తెలీదు.

లాసన్స్‌బే లలిత:
దీని తర్వాత ఏం రాయాలో తోచడం లేదు. చిన్నాన్న గారికి నమస్కారం చెప్పండి.

కొత్తరోడ్డు అమ్మ:
నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మా పాపకి ఏడేళ్లు. ట్యూషన్ నుంచి వస్తుంటే కుక్క పిక్క పట్టుకుంది. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి పెద్దాసుపత్రికి, కేజీహెచ్‌కి తీసుకెళ్లాం. రేబిస్ రాకుండా మా చిన్నప్పటిలా బొడ్డుచుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు ఇప్పుడు లేవు. మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో చేతికి ఇస్తారు. కానీ కాటు చర్మం లోపలికి దిగితే ఇమ్యునోగ్లోబులిన్ అని, వైరస్‌ని వెంటనే అడ్డుకునే మందు ఇంకొకటి ఉంది, దాన్ని గాయంలోకే ఎక్కిస్తారు. పిక్క మీద పడిన గంట్లలో ఒక్కోదాంట్లో సూది పెడుతుంటే నేను గోడవైపు తిరిగాను.

నాకు కుక్క మీద కోపం లేదు. దానికి రోజూ అన్నం పెట్టే పెద్దావిడ మా వీధిలోనే ఉంటారు. పాప కాలికి కట్టు చూస్తూ ఆవిడ అన్న మొదటి మాట, "మా బ్రౌనీ ఊరికే కరవదమ్మా, మీ పాపే ఏదో చేసుంటుంది." జంతువులతో బంధం ఎక్కువైతే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ బంధం వల్ల ఎదురుగా ఏడుస్తున్న పిల్ల కనిపించకుండా పోతే మాత్రం ఉంది. 2024 ఒక్క ఏడాదిలో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. నా మానాన నేనుంటానంటే సరిపోదు. మీరు పెట్టే అన్నం తిన్న కుక్క మా వీధిలో తిరుగుతుంది.

జోడుగుళ్లపాలెం:
కుక్కల తగువులో నాదొక చిన్న మాట. జనవరి నుంచి మార్చి దాకా మన బీచ్‌లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో వంద దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రాత్రి గస్తీలో మేం చూడకముందే కుక్కలు వాసన పట్టేస్తాయి. పొద్దున్నే చూస్తే ఇసకంతా తవ్వేసి, నలిగిన పింగ్‌పాంగ్ బంతుల్లా పెంకులు. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి కంచె వేసిన హేచరీల్లో పూడ్చిపెట్టేది అందుకే. బీచ్‌లో కుక్కలకి బిస్కట్లు వేసేవాళ్లలో నాకు స్నేహితులున్నారు, మంచివాళ్లు. 'జంతువులంటే ప్రాణం' అని వాళ్లంటే, ఏ జంతువులు అని అడగాలనిపిస్తుంది. తాబేలు మన మొహం చూడదు, తోకాడించదు, గుడ్లు పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి పోతుంది. దానితో బంధం పెట్టుకోవడం కష్టం. అయినా ఎవరో ఒకరు కాపలా కాయాలి కదా.

గాజువాక గవర్రాజు:
ఇదిగో, ఇదీ ప్రేమంటే. తిరిగి సూడనిదానికి కాపలా కాయడం.

పెదవాల్తేరు పిల్ల:
కొత్తరోడ్డు అక్కా, ఆ పెద్దావిడ మాటకి నేను వత్తాసు పలకను. పాప కాలు ఇప్పుడెలా ఉంది? ఒకటి అడగాలి, కోపగించుకోకండి. ఆ కుక్క చెవి కొస కత్తిరించి ఉందా? ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, రేబిస్ టీకా అయినట్టు గుర్తు. లేకపోతే కార్పొరేషన్‌కి చెప్పి అది చేయించాలి. ఇరవై కుక్కల్లో ఐదింటికే చేయించి వదిలేస్తే లాభం లేదు. ఆ వీధిలో ఆడకుక్కలు ఏడాది తిరక్కుండా మళ్లీ ఈనుతాయి.

అన్నం సంగతి కూడా చెప్తాను. వీధికుక్కల సంతాన నియంత్రణకి కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల్లో ఉంది, మెట్ల దగ్గర, గేట్ల దగ్గర, పిల్లలాడే చోట పెట్టకూడదు. పిల్లలూ పెద్దవాళ్లూ పెద్దగా తిరగని చోటా, తిరగని వేళా చూసుకోవాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఎక్కడపడితే అక్కడ వీధుల్లో పెట్టొద్దు, అందుకు కేటాయించిన చోటే పెట్టాలంది. నేను పెట్టేది రాత్రి పదిన్నరకి, ఖాళీ స్థలం గోడ వెనక. తిన్నాక గిన్నెలు తీసేస్తాను. ఇదంతా ఎవరి జోలికీ వెళ్లకపోవడం కిందికే వస్తుందని నా ఉద్దేశం.

కొత్తరోడ్డు అమ్మ:
కాలు మానింది. మచ్చ ఉంది. చెవి చూడలేదు, ఇప్పుడా కుక్క ఎదురైతే పాప నా వెనక్కి వచ్చేస్తోంది, నేనూ ఆగి చూడడం లేదు. మా పెద్దావిడ అన్నం పెట్టేది సరిగ్గా ట్యూషన్ వదిలే వేళకి, ట్యూషన్ గేటు పక్కనే. పిల్లల చేతుల్లో బిస్కట్ ప్యాకెట్లుంటాయి. మీ పదిన్నర మాట ఆవిడకి ఎవరు చెప్తారు? నేను చెప్తే కుక్కలంటే పడనిదాన్నంటారు.

పెదవాల్తేరు పిల్ల:
నేను వస్తాను. నన్ను చూస్తే కుక్కలమ్మ అని ఆవిడే లోపలికి పిలుస్తారు. ఆదివారం సాయంత్రం వీలవుతుందా? మీరు మాత్రం పక్కన ఉండాలి, పాప సంగతి నా నోటితో చెప్తే సగమే చెప్పినట్టుంటుంది.

గాజువాక గవర్రాజు:
ఆదివారం నాకు కాళీ. నేనూ వస్తాను. ఆవిడకి కోపం వస్తే తిట్టించుకోడానికి ముప్పై దాటినోడు ఒకడుండాలి కదా.