మినిమం బ్యాలెన్స్ ఛార్జీల మీద కేసు ఎక్కడ వెయ్యాలి: ముంబైయా, బెంగళూరా, ఒంగోలా, ఇక్కడేనా?

ఒంగోలు_కుర్రోడు
అందరికీ నమస్తే. బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు కంపెనీ వాళ్లు మారతహళ్లి బ్రాంచ్‌లో శాలరీ అకౌంట్ తెరిపించారు. తర్వాత మానేసి హైదరాబాద్ వచ్చేశా, మణికొండలో ఉంటున్నా, ఆ అకౌంట్ సంగతే మర్చిపోయా, అందులో ఉన్నది 212 రూపాయలు. జీతం పడటం ఆగాక వాళ్లు దాన్ని మామూలు సేవింగ్స్ కింద మార్చేసి నెలకి 500, పైన జీఎస్టీ 90, అంటే 590 చొప్పున ఏడు నెలలు వేశారు. 4,130 అయ్యింది. బ్యాలెన్స్ మైనస్ 3,918. ఒక్క మెసేజ్ రాలేదు, నంబర్ కూడా మార్చలేదు నేను. మొన్న మా ఫ్రెండు నాకివ్వాల్సిన 5,000 పొరపాటున ఆ అకౌంట్‌కి యూపీఐ కొట్టాడు, పడీ పడగానే 3,918 మింగేసి 1,082 మిగిల్చారు.

కేసు వేద్దామంటే టర్మ్స్‌లో "ముంబై కోర్టులకే పరిధి" అని, అంటే కేసు అక్కడే వెయ్యాలని ఉంది. బ్రాంచ్ బెంగళూరు, ఆధార్ ఒంగోలు, మనిషిని ఇక్కడ. ఎక్కడ వెయ్యాలి?

పాత_క్లర్కు
ముప్పై ఏళ్లు కౌంటర్ వెనకాల కూర్చున్నవాణ్ణి బాబూ, చెప్తా విను. నాలుగు వేల కోసం కోర్టు మెట్లెక్కకు. ఫారం మీద సంతకం పెట్టావు, ముంబై అని రాసుంది, బ్యాంకు లాయరు మొదటి వాయిదాకే ఆ కాగితం చూపిస్తాడు. పరిధి ఉందా లేదా అన్న దాని మీదే నెలలు గడుస్తాయి, అసలు సంగతి ఎవడూ మాట్లాడడు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన అంబుడ్స్‌మన్‌కి పెట్టు, ఫ్రీ. 2021 నవంబర్ నుంచి దేశమంతా ఒకటే స్కీము, ఏ ఊరి బ్రాంచ్ అన్నది అడగరు. పూర్వం మా రోజుల్లో ఆ బ్రాంచ్ ఏ ఆఫీసు కిందికి వస్తుందో చూసుకుని పంపాల్సొచ్చేది, ఇప్పుడు ఆ గోల లేదు.

నల్లకోటు
క్లర్కు గారూ, అంబుడ్స్‌మన్ సంగతి ఒప్పుకుంటా కానీ ముంబై మాట దగ్గర మీరు ఆ కుర్రాణ్ణి అనవసరంగా భయపెడుతున్నారు. సివిల్ కోర్టు వేరు, వినియోగదారుల ఫిర్యాదులు వినే కన్స్యూమర్ కమిషన్ వేరు. సివిల్ సూట్ అయితే మీరన్నది నిజం, రెండు మూడు చోట్ల పరిధి ఉన్నప్పుడు అందులో ఒకటే అని పార్టీలు రాసుకుంటే చెల్లుతుంది, స్వస్తిక్ గ్యాసెస్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది అదే. "మాత్రమే" అన్న మాట లేకపోయినా చెల్లుతుందంది. కానీ కన్స్యూమర్ కమిషన్‌కి పరిధి వచ్చేది ఆ ఫారం నుంచి కాదు, చట్టం నుంచి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34లో ఫిర్యాదుదారుడు నివాసం ఉండే చోట గానీ, స్వయంగా పని చేసుకునే చోట గానీ వెయ్యొచ్చని రాసేశారు. 1986 చట్టంలో ఈ సౌకర్యం లేదు, అప్పుడు అవతలి పార్టీ ఉన్న చోటికో, గొడవ పుట్టిన చోటికో మనమే పోవాలి. ఆ పాత రోజుల భయమే ఇంకా జనాల్లో ఉంది. సెక్షన్ 100 కూడా చూడండి, ఈ చట్టం మిగతా చట్టాలకి అదనం అంటుంది. అయిదు లక్షల లోపు ఫీజు కూడా లేదు.

పాత_క్లర్కు
చట్టంలో ఉంది సరే సార్, బ్యాంకు అభ్యంతరం పెట్టకుండా ఊరుకుంటుందా?

నల్లకోటు
ఊరుకోదు, పెడుతుంది. పెట్టడం వేరు, నెగ్గడం వేరు. పైగా కేసు బ్యాంకుకీ ఖర్చే కదా, 3,918 కోసం మణికొండ కుర్రాడి మీదకి లాయర్ని ఎన్ని వాయిదాలు పంపుతారు?

మియాపూర్_పద్మ
తమ్ముడూ, నేను దెబ్బతిన్నా కాబట్టి చెప్తున్నా. లాకర్ ఛార్జీలు రెండుసార్లు కట్ చేశారని కేసు వేశా. నేనుండేది మియాపూర్. హైదరాబాద్ అనుకున్నా అంతా, ఎవరైనా అంతే అనుకుంటారు, కరెంటు బిల్లు మీద కూడా హైదరాబాద్ అనే ఉంటుంది. తీరా చూస్తే జిల్లా రంగారెడ్డి! నేను వేసింది పక్క జిల్లాలో. ఎందుకు అక్కడ వేశానంటే బ్యాంకు రీజనల్ ఆఫీసు అక్కడుంది, బ్రాంచ్ ఆఫీసు ఉంటే చాలని ఎవరో చెప్పారు. కాగితాలు వాపసు వచ్చాయి, మళ్లీ సెట్లు జిరాక్స్ తీయించి, మళ్లీ నోటరీ, మళ్లీ ఆటోలు. మీ మణికొండ కూడా రంగారెడ్డే, గుర్తుపెట్టుకో.

నల్లకోటు
పద్మ గారికి జరిగింది చాలామందికి జరుగుతుంది. బ్యాంకుకి దేశమంతా బ్రాంచ్‌లు ఉంటాయి కదా, ఎక్కడైనా వెయ్యొచ్చనుకుంటారు. సోనిక్ సర్జికల్ కేసులో 2009లోనే సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. అంబాలాలో గోడౌన్ తగలబడితే ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచ్ ఉంది కదా అని చండీగఢ్‌లో కేసు వేశారు, కుదరదన్నారు, బ్రాంచ్ అంటే గొడవతో సంబంధమున్న బ్రాంచే. అది పాత చట్టం కింద తీర్పు కానీ బ్రాంచ్ మాట ఇప్పటికీ చట్టంలో అలాగే ఉంది, కాబట్టి దాని మీద ఆధారపడకు. ఇల్లు, లేదా ఉద్యోగం, ఆ రెండిట్లో ఒకటి పట్టుకో.

ఒంగోలు_కుర్రోడు
అయితే ఒంగోలే బెటరా సార్? ఆధార్ అక్కడిదే, నాన్న వాయిదాలకి వెళ్తారు, ఖాళీగానే ఉంటారు.

నల్లకోటు
నువ్వు ఏడాదికి ఎన్నిసార్లు పోతావ్ ఒంగోలు? సంక్రాంతికేగా? ఆధార్ కార్డు అడ్రస్‌కి రుజువే కానీ నువ్వు అక్కడ ఉంటున్నావనడానికి కాదు. ఫిర్యాదులో "నేను ఒంగోలు వాస్తవ్యుణ్ణి" అని రాసి, అదే ఫిర్యాదులో హైదరాబాద్‌లో ఉద్యోగం అని రాస్తే అవతలి లాయరుకి నువ్వే పాయింట్ ఇచ్చినట్టు.

పాత_క్లర్కు
ఇక్కడ మాత్రం నేను లాయరు గారితో ఏకీభవించను. అమ్మానాన్న ఉన్న ఇల్లు, ఓటు, రేషన్ కార్డు అన్నీ ఒంగోలే అయితే నివాసం కాదా? హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్లు సగం మంది సొంతూరు అడ్రస్‌తోనే బతుకుతున్నారు. ఒంగోలులో వాయిదాకి బస్సు ఛార్జీ ఉండదు, తండ్రి నడుచుకుంటూ పోతాడు.

నల్లకోటు
వాదించొచ్చు సార్, కాదనను. పేచీ లేని చోటు ఉండగా పేచీ ఉన్న చోటికి పోవడమెందుకన్నదే నా గొడవ. ఆన్‌లైన్‌లో కన్స్యూమర్ కేసుల పోర్టల్ ఈ-జాగృతిలో వేసుకోవచ్చు, వీడియోలో విచారణకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, చట్టంలోనే ఉంది. ఇక బస్సు ఛార్జీ లెక్కెక్కడిది?

గ్లాస్గో_గోదావరి
మధ్యలో దూరుతున్నా సారీ. ఇక్కడ స్కాట్లాండ్‌లో కూడా ఇదే పేచీ ఉండేదంట. 2006-07 టైమ్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ ఛార్జీలు, అంటే అకౌంట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ వాడితే బ్యాంకు వేసేవి, వెనక్కి అడగటం యూకే అంతా ఒక ఊపు ఊపింది, లెటర్ నమూనాలేమో ఇంగ్లండ్ వాళ్లు రాసినవి, స్కాట్లాండ్‌లో ఉన్నోళ్లు వాటినే మక్కీకి మక్కీ కాపీ కొడితే ఇక్కడి షెరిఫ్ కోర్టుకి అవి సరిపోవు. గడువే వేరు, ఇంగ్లండ్‌లో ఆరేళ్లు, ఇక్కడ అయిదేళ్లు. ఆరేళ్లని ధైర్యంగా కూర్చుంటే ఒక ఏడాది డబ్బు పోయినట్టే. చివరికి 2009 నవంబర్‌లో యూకే సుప్రీంకోర్టు తీర్పు బ్యాంకుల వైపు వచ్చేసరికి అంతా చల్లబడింది అనుకోండి.

మియాపూర్_పద్మ
గడువు అంటే గుర్తొచ్చింది, మనకి రెండేళ్లే కదా?

నల్లకోటు
రెండేళ్లే, సెక్షన్ 69. క్లర్కు గారు చెప్పిన దార్లో పోతే ఇదే జాగ్రత్త పడాలి. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు, ముప్పై రోజులు చూడాలి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా అంబుడ్స్‌మన్. కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే అదే గొడవని అంబుడ్స్‌మన్ తీసుకోడు, కాబట్టి వరస తప్పకూడదు. అక్కడ తేలేదాకా ఈ రెండేళ్ల గడియారం ఆగుతుందనుకోవద్దు, మొదటి 590 వేసిన తారీఖు నుంచే లెక్కపెట్టుకో.

పాత_క్లర్కు
సరే, నేను ఒక మెట్టు దిగుతా. అసలు కేసుకి బలం నేనిస్తా చూడు. రిజర్వ్ బ్యాంక్ 2014 నవంబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు. బ్యాలెన్స్ తగ్గితే ముందు కస్టమర్‌కి మెసేజో మెయిలో లెటరో పంపాలి, నెల టైమివ్వాలి, ఛార్జీ తగ్గిన మొత్తాన్ని బట్టి ఉండాలి, అన్నిటికంటే ముఖ్యం, కేవలం ఈ ఛార్జీల వల్ల అకౌంట్ మైనస్‌లోకి పోకూడదు. నీ స్టేట్‌మెంట్‌లో మైనస్ 3,918 అని వాళ్లే ప్రింటు చేసిచ్చారు. ఇంకేం కావాలి? ఆ లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టు. అంబుడ్స్‌మన్ దగ్గరే తేలిపోతుంది, ఈ ఊరా ఆ ఊరా అన్న రచ్చే అక్కర్లేదు.

నల్లకోటు
తేలితే సంతోషం. తేలకపోతే రంగారెడ్డి. ఇదొక్కటీ అడుగుతా, అది సేవింగ్సేనా, కరెంట్ అకౌంట్ కాదుగా? వ్యాపారం కోసం అయితే అసలు కన్స్యూమరే కాదంటారు, 2022లో ఒక స్టాక్ బ్రోకర్ ఓవర్‌డ్రాఫ్ట్ కేసులో సుప్రీంకోర్టు అలాగే అంది.

ఒంగోలు_కుర్రోడు
సేవింగ్సే సార్. కానీ ఇంకో తలనొప్పి, ఓనరు ఆంటీ రెంటల్ అగ్రిమెంట్ ఇవ్వనంటోంది, టాక్స్ వాళ్లు వస్తారని భయమంట. ఇక్కడుంటున్నానని ఎలా చూపించాలి?

నల్లకోటు
ఉద్యోగం చేసే చోటు కూడా చాలన్నానుగా. ఆఫీసు ఎక్కడ?

ఒంగోలు_కుర్రోడు
గచ్చిబౌలి.

నల్లకోటు
అదీ రంగారెడ్డే. పేస్లిప్ జత చెయ్యి.

ఒంగోలు_కుర్రోడు
పేస్లిప్ మీద చెన్నై హెడ్డాఫీసు అడ్రస్ ఉంది సార్ 😭

మియాపూర్_పద్మ
ఇంకో ఊరు తగిలింది! ఐడీ కార్డు వెనక చూడు తమ్ముడూ, పోగొట్టుకుంటే ఎక్కడివ్వాలో రాసుంటుంది.

ఒంగోలు_కుర్రోడు
చూశా అక్కా. గచ్చిబౌలే ఉంది. హెచ్‌ఆర్‌ని కూడా ఒక లెటర్ అడుగుతా, ఈ రాత్రికి బ్యాంకుకి మెయిల్ కొట్టేస్తున్నా.