వాచ్ అంటే గడియారం ఎలా అయింది?

కర్నూలులో పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ‘వాచ్’ అనే మాట దగ్గర ఆగిపోయాం. టీవీ చూడటానికీ అదే, గేటు దగ్గర కాపలాకూ అదే, చేతికి కట్టుకునేదానికీ అదే. మొదటి రెండూ చెప్పగలిగాను. పాత ఇంగ్లీషులో దానికి మేలుకుని ఉండటం అనే అర్థం ఉంది, ‘వేక్’ కూడా ఆ మూలానిదే. శ్రీశైలంలో శివరాత్రి జాగారం గుర్తుచేస్తే పిల్లలకు చప్పున ఎక్కింది.

చిక్కంతా గడియారం దగ్గరే. నిఘంటువులు తిరగేశాను, నెట్‌లో వెతికాను, తోటి టీచర్లనూ అడిగాను. 15వ శతాబ్దంలో నిద్రలేపే అలారానికి ఈ మాట వాడారని, 1580ల నాటికి చిన్న గడియారానికి పేరైందని ఒకచోట ఉంది. ఓడల్లో 4 గంటలకొకసారి మారే కాపలా వంతుల నుంచి వచ్చిందని ఇంకోచోట. మనం కూడా రాత్రిని 3 గంటల జాములుగా లెక్కపెట్టినవాళ్లమే కదా, అందుకే రెండోదాన్నీ తీసిపారేయలేకపోతున్నాను. కానీ పిల్లలకు ఊహను నిజమని చెప్పడం నాకిష్టం లేదు.

భాషాచరిత్ర చదివినవాళ్లు దయచేసి చెప్పండి: ఈ రెండింటిలో పాత రాతల ఆధారం ఉన్నది దేనికి?