టేకు నగల పెట్టెలో తోలు అస్తరు: వెండి నల్లబడుతోంది

10×7×4 అంగుళాల టేకు పెట్టె. లోపల 0.8 మి.మీ. క్రోమ్ (క్రోమియం లవణాలతో పదును చేసిన) మేకతోలు, రబ్బరు జిగురుతో అంటించాను. వెండి పట్టీలు తోలు తగిలే వైపు మూడు వారాల్లో పసుపెక్కి, తర్వాత నల్లబడుతున్నాయి. బంగారానికేమీ కాలేదు. మూత తెరిచి ఆరబెట్టినా, సిలికా జెల్ పెట్టినా తేడా లేదు.

అందుకే తోలు, ఎండిన జిగురు, టేకు పొట్టు వేర్వేరు గాజు సీసాల్లో వేసి, ఒక్కోదాంట్లో మెరుగుపెట్టిన వెండి ముక్క, తడి దూది ఉంచి బిగించాను. తోలు సీసాలోదే నల్లబడింది. మిగతా రెండూ తెల్లగానే ఉన్నాయి. బొచ్చు తీయడానికి వాడే సోడియం సల్ఫైడ్ తాలూకు గంధకం తోలులో మిగిలి ఉంటుందని నా అనుమానం. పైన మైనం పూశాను, ఆగలేదు.

ఇప్పుడు అస్తరు ఊడదీసి తంగేడు బెరడుతో పదును చేసిన తోలు వేద్దామనుకుంటున్నాను. కానీ దానికీ సున్నం, సల్ఫైడ్ వాడే చోట్లున్నాయి. వెండి పెట్టెలకు ఆ తోలు వాడినవాళ్లు చెప్పండి: ఏడాది తర్వాత కూడా వెండి తెల్లగానే ఉందా?